టూల్ చూపించే అంకె నమ్మాలా, మా ఆవిడ నోట్‌బుక్ నమ్మాలా? మగ్గం వర్క్ సైట్‌కి కీవర్డ్ సలహా కావాలి

రెండో_షిఫ్ట్
మా ఆవిడ మగ్గం వర్క్ చేస్తుంది. తెనాలిలో ఇంటి ముందు గదిలోనే రెండు మగ్గాలు. పెళ్ళిళ్ళ సీజన్‌లో సాయానికి ఇంకో ఇద్దరు అమ్మాయిలు వస్తారు. నాది ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఖాళీ టైంలో ఒక వెబ్‌సైట్ పెట్టి యాడ్స్ మీదో, అఫిలియేట్ (మన లింకు ద్వారా వేరేవాళ్ళ వస్తువు అమ్ముడైతే వచ్చే కమిషన్) మీదో నెలకి కొంత వచ్చేలా చేసుకుందామని ఆలోచన.

గూగుల్ కీవర్డ్ ప్లానర్‌లో (ఏ మాటని నెలకి ఎన్నిసార్లు వెతుకుతారో చూపే టూల్) కూర్చుని చూస్తుంటే "మగ్గం వర్క్ బ్లౌజ్ డిజైన్స్" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినదానికి బాగా పెద్ద రేంజ్ చూపిస్తోంది. పక్కన కాంపిటిషన్ కాలమ్‌లో "తక్కువ" అనుంది. అదే తెలుగు లిపిలో కొడితే అంకె బదులు గీతలే గీతలు, ఏమీ లేదు. ఇంకోపక్క మా బావమరిది "బ్లౌజులు ఎవడికి కావాలి బావా, క్రెడిట్ కార్డుల మీద పెట్టు, బిడ్ చూడు ఎంతుందో" అని రోజూ వాయిస్తున్నాడు. బిడ్ నిజంగానే చాలా ఎక్కువుంది.

వాల్యూమ్ (నెలకి ఎన్నిసార్లు వెతుకుతారో ఆ సంఖ్య) చూసి వెళ్ళాలా, బిడ్ చూసి వెళ్ళాలా? డొమైన్ ఇంకా కొనలేదు.

సిగ్నల్_లేదు
బావమరిది చెప్పింది వినకపోతే ఇంట్లో కాంపిటిషన్ "ఎక్కువ" అయిపోతుంది, జాగ్రత్త.

మాదాపూర్_మధ్యాహ్నం
ముందు ఆ రెండు కాలమ్‌ల సంగతి తేల్చుకోండి. సగం మంది అక్కడే పప్పులో కాలేస్తారు.

కీవర్డ్ ప్లానర్ ప్రకటనలు ఇచ్చేవాళ్ళ కోసం చేసిన టూల్. అందులో "కాంపిటిషన్ తక్కువ" అంటే ఆ మాట మీద ప్రకటన వేసుకోవడానికి పోటీపడేవాళ్ళు తక్కువ అని. మీ పేజీ సులభంగా ర్యాంక్ అవుతుందని కాదు. ఒక్కోసారి దాని అర్థం ఇంకా ఘోరంగా ఉంటుంది. ఆ మాట వెతికేవాళ్ళ దగ్గర డబ్బు రాలదని ప్రకటనదారులకి ముందే తెలిసిపోయింది, అందుకే ఎవరూ రావడం లేదు అని.

బిడ్ కాలమ్ కూడా అంతే. సెర్చ్ పేజీ పైన కనబడాలంటే ప్రకటనదారు గూగుల్‌కి క్లిక్‌కి ఎంత కట్టాల్సి రావచ్చో చెప్పే అంకె అది. మీ సైట్ మీద యాడ్‌సెన్స్ (సైట్లలో గూగుల్ ప్రకటనలు వేసి వాటా ఇచ్చే ఏర్పాటు) పెడితే మీకు వచ్చే డబ్బు కాదు. అక్కడ పడే ప్రకటనలు వేరు, రేట్లు వేరు. అందులో మీ వాటా 68 శాతం దరిదాపు. 2024 నుంచి క్లిక్‌కి కాకుండా ప్రకటన కనిపించినదాన్ని బట్టి లెక్క కడుతున్నారు. కాబట్టి బిడ్‌ని మీ జీతంలా గుణించుకుంటూ కూర్చోకండి. ఆ రంగంలో డబ్బు తిరుగుతోందా లేదా అన్నదానికి ఒక సూచన, అంతే.

ఇంకొకటి, మీ అకౌంట్‌లో ప్రకటనల ఖర్చు లేకపోతే వెయ్యి నుంచి 10 వేలు అన్నట్టు వెడల్పాటి రేంజే చూపిస్తుంది. వెయ్యికీ పదివేలకీ మధ్య ఒక సంసారం పట్టేంత తేడా ఉంది.

పాత_పెంకుటిల్లు
మాదాపూర్ గారు చెప్పింది కరెక్ట్. నేను ఇంకోవైపు నుంచి వస్తాను. టూల్ మూసేసి, ఫోన్‌లో ఆ మాట కొట్టి మొదటి పేజీ చూడండి. "బ్లౌజ్ డిజైన్స్" కొట్టినావిడకి కావాల్సింది బొమ్మలు. పైన ఇమేజెస్ వరస, కింద పింటరెస్ట్, యూట్యూబ్ షార్ట్స్, ఇన్‌స్టా. ఆవిడ బొమ్మ నొక్కి, స్క్రీన్‌షాట్ తీసి, టైలర్‌కి వాట్సాప్ చేసేస్తుంది. మీ పేజీ తెరవాల్సిన పని ఎక్కడుంది? తెరిచినా పది సెకన్లు. వాల్యూమ్ అక్షరాలా నిజం, మీకు అందులో వాటా మాత్రం ఉండదు.

క్రెడిట్ కార్డుల సంగతి ఒక్క ముక్కలో: మొదటి పేజీ నిండా బ్యాంకులూ, బ్యాంక్‌బజార్, పైసాబజార్ లాంటి సైట్లూ. డబ్బు, ఆరోగ్యం విషయాల్లో గూగుల్ నమ్మకానికి ఎక్కువ బరువు ఇస్తుంది. షిఫ్టు దిగొచ్చి రాసే మనిషికి అక్కడ సీటు లేదు. మీ బావమరిదికి నా నమస్కారాలు చెప్పండి.

మీసేవ_మూర్తి
ఇద్దరూ పాపం ఆయన్ని భయపెట్టేస్తున్నారు. వాల్యూమ్ ఉంటే డబ్బు దానంతట అదే వస్తుంది. నాది ప్రభుత్వ పథకాల సైట్. స్టేటస్ ఎలా చూసుకోవాలి, లిస్టులో పేరు ఉందా లేదా, ఈ టైపు. జనం ఎగబడి చదువుతారు. తెలుగులో వాల్యూమ్ కావాలంటే పథకాలు, ఉద్యోగ నోటిఫికేషన్లు, రాశిఫలాలు. మిగతావన్నీ సరదాకి రాసుకునేవే.

సిగ్నల్_లేదు
మూర్తి గారూ, ప్రభుత్వం మారినప్పుడల్లా మీరు సైట్ గృహప్రవేశం మళ్ళీ చేస్తారట కదా?

పాత_పెంకుటిల్లు
సిగ్నల్ జోకు వేసినా విషయం అదే. తెలంగాణలో రైతుబంధు పోయి రైతు భరోసా వచ్చింది. ధరణి మీద 2020 నుంచి రాసుకున్న పేజీలన్నీ 2025లో భూభారతి రాగానే పాతబడ్డాయి. ఏపీలో అమ్మ ఒడి పోయి తల్లికి వందనం. ఎంసెట్‌ని ఏపీ 2021లోనే ఈఏపీసెట్ చేసింది, తెలంగాణ 2024లో చేసింది. జనం నోట్లో ఇంకా ఎంసెటే. ఆ పాత మాట వెతుకులాటలో బతికుంది కాబట్టి సరిపోయింది, అన్నిటికీ ఆ అదృష్టం ఉండదు.

మీసేవ_మూర్తి
పేరు మారడం నాకు నష్టం కాదు సార్, పండగ! కొత్త పేరు ప్రకటించిన రోజు ఎవరి దగ్గరా పేజీ ఉండదు. ముందు రాసినవాడిదే మొదటి వారం. ఒప్పుకుంటాను, చదివేవాడు ఒక్కసారి వచ్చి లిస్టులో పేరు చూసుకుని పోతాడు. మళ్ళీ విడత డబ్బులు పడేదాకా రాడు. వెయ్యి మంది చూస్తే వచ్చేది మీరు చెప్పే నాణ్యమైన సైట్లతో పోలిస్తే తక్కువే. కానీ వచ్చేది వెయ్యి మంది కాదు కదా.

మాదాపూర్_మధ్యాహ్నం
మూర్తి గారి మోడల్ తప్పని ఎవరూ అనట్లేదు. అది వార్తాపత్రిక ఉద్యోగం. ప్రకటన వచ్చిన గంటలో రాయాలి. రెండో షిఫ్టు మనిషికి అది కుదరదు.

లెక్కలమాస్టారు
ఇంత చర్చ ఎందుకు, సూత్రం ఉంది. కీవర్డ్ గోల్డెన్ రేషియో అంటారు. ఆ మాటలన్నీ టైటిల్‌లో ఉన్న పేజీలు ఎన్నో ఆల్ఇన్‌టైటిల్ కమాండ్‌తో చూడండి. ఆ సంఖ్యని నెలవారీ వాల్యూమ్‌తో భాగించండి. వాల్యూమ్ 250 లోపు ఉండి, భాగిస్తే 0.25 కంటే తక్కువ వస్తే ఆ మాట మీద పేజీ రాయొచ్చు. ఇంగ్లీషులో చాలామంది వాడుతున్నదే.

సిగ్నల్_లేదు
ఆయనకి తెలుగు లిపిలో వాల్యూమ్ గీత చూపిస్తోంది మాస్టారూ. సున్నాతో భాగిస్తే ఏమొస్తుంది?

లెక్కలమాస్టారు
అనిర్వచనీయం.

సిగ్నల్_లేదు
మా ఇంట్లో దాన్ని బ్లాగింగ్ ఆదాయం అంటారు.

పాత_పెంకుటిల్లు
😄 మాస్టారి సూత్రం చెడ్డది కాదు, మన భాషకి చాలదు. మనవాళ్ళు టైప్ చేసేది ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో. అదీ ఒకరు ఒక జీతో, ఒకరు రెండు జీలతో, ఇంకొకరు ఎమ్‌తో ఆపేస్తారు. కొందరు మైక్ నొక్కి మాట్లాడతారు, అది తెలుగు లిపిలో పడుతుంది. టూల్ వీటన్నిటినీ ఒక మాటగా కలుపుతుందన్న నమ్మకం లేదు. మనిషి అడిగేది ఒకటే ప్రశ్న, టూల్‌లో అది ఏడు ముక్కలై ప్రతి ముక్కా గీతే అవ్వొచ్చు. రోజూ గూగుల్‌కి వచ్చే వెతుకులాటల్లో దాదాపు 15 శాతం అంతకుముందు ఎన్నడూ రానివని గూగుల్ వాళ్ళే చెబుతారు. టూల్‌లో సున్నా అంటే వెతికేవాళ్ళు లేరని కాదు, ఆ టూల్ దగ్గర లెక్క లేదని.

సరిహద్దు దాటితే మాటే మారిపోతుంది. తమిళనాడు, కర్ణాటక వాళ్ళకి అది ఆరి వర్క్. మీ కొనుగోలుదారు చెన్నైలో ఉంటే మగ్గం అని ఎంత రాసినా దొరకదు.

సూదీదారం
ఈ దారంలోకి ఇప్పుడే వచ్చాను, మొదటి నుంచీ చదివాను. మాది సికింద్రాబాద్‌లో మగ్గం మెటీరియల్ షాపు. పూసలు, జర్దోసి, కుందన్లు, చమ్కీ, ఆరి సూదులు, ఫ్రేములు, అన్నీ. ఇంతమంది టెక్నికల్‌గా చెబుతున్నారు కానీ ఒక్కరూ సీజన్ మాట ఎత్తలేదు.

టూల్ చూపించే నెలవారీ సగటు మా వ్యాపారంలో పనికిరాదు. పని అంతా ముహూర్తాల మీద నడుస్తుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, మూఢాల్లో ఉండవు. శ్రావణం, మాఘం, ఫాల్గుణం వస్తే ఊపిరాడదు. అందులోనూ బ్లౌజు పెళ్ళి రోజున వెతకరు, నెలా నెలన్నర ముందే వెతుకుతారు. అంటే శ్రావణం గిరాకీ ఆషాఢంలోనే మొదలవుతుంది. గూగుల్ ట్రెండ్స్‌లో (ఒక మాట మీద ఆసక్తి ఎప్పుడు పెరిగిందో, తగ్గిందో చూపే గ్రాఫు) పోయినేడు ఆగస్టునీ ఈ ఏడు ఆగస్టునీ పక్కపక్కన పెట్టి "తగ్గింది, పెరిగింది" అనుకుంటే మోసపోతారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది. 2024లో 16, 2025లో 8. ఇంగ్లీషు నెలల గ్రాఫు మీద అది ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది, అసలు గిరాకీ ఎక్కడికీ పోలేదు. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, మళ్ళీ అంతా ఆలస్యంగా వస్తుంది. పంచాంగం పక్కన పెట్టుకుని ట్రెండ్స్ చూడండి.

మాదాపూర్_మధ్యాహ్నం
సూదీదారం గారూ, మా ఏజెన్సీలో నెలకి లక్షలు పెట్టి కొనే టూల్స్‌లో ఈ ముక్క లేదు. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

చిన్న చేర్పు: ట్రెండ్స్‌లో కనిపించే 100 అసలు సంఖ్య కాదు. మీరు ఎంచుకున్న కాలంలో ఎక్కువ ఆసక్తి ఉన్న చోటుని 100 అనుకుని మిగతావి దాంతో పోల్చి చూపిస్తుంది. రాష్ట్రం ఫిల్టర్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విడివిడిగా పెట్టి చూడండి.

సూదీదారం
అసలు విషయం ఇంకా చెప్పలేదు. రెండో షిఫ్ట్ తమ్ముడూ, మీ ఆవిడ ఫోన్‌లో వాట్సాప్ తెరువు. కస్టమర్లు ఏం అడుగుతున్నారో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టు. మార్చి రాయకు.

రెండో_షిఫ్ట్
అక్కా, ఫోన్ ఇవ్వడానికి మా ఆవిడ ఒక పట్టాన ఒప్పుకోలేదు 😅 పక్కన కూర్చుని తనే చదివి వినిపించింది. తన దగ్గర రేట్లు రాసుకునే లాంగ్ నోట్‌బుక్ కూడా ఉంది, అందులోవి కూడా కలిపాను. పేర్లు తీసేసి ఉన్నది ఉన్నట్టు:

"అక్కా ఈ ఫోటోలో ఉన్నది ఎంతవుద్ది"
"చేతులకి మాత్రమే అయితే ఎంత, వీపు మీద కూడా అయితే ఎంత"
"ఇది చేతి వర్కా కంప్యూటర్ వర్కా, పక్కింటామె కంప్యూటర్ అంటోంది"
"పెళ్ళి 20 రోజుల్లో ఉంది, అవుద్దా"
"ఉతికితే పూసలు ఊడతాయా, డ్రై క్లీనింగ్‌కి ఇవ్వాలా"
"పట్టుచీర బ్లౌజు ముక్క మీదే చేస్తారా, వేరే గుడ్డ తేవాలా"
"నేను నేర్చుకుంటాను, నెలకి ఎంత తీసుకుంటారు"
"మేము అమెరికాలో ఉంటాం, కొలతలు పంపితే కుట్టి పంపుతారా"
"వదినా మగ్గం స్టాండ్ ఎక్కడ కొన్నావు, చెక్కదా ఇనుపదా"
"కంప్యూటర్ మెషిన్ కొందామనుకుంటున్నా, లోన్ వస్తుందా"

నోట్‌బుక్‌లో ప్రతి బ్లౌజుకీ ఒక పేజీ. పైన మెడ మోడల్, కింద గీత గీసి ఎడమవైపు మెటీరియల్ (జర్దోసి ఎంత, పూసలు ఎంత, దారం), కుడివైపు ఎన్ని గంటలు పట్టింది, ఎవరు కూర్చున్నారు. చివర ఒప్పుకున్న రేటు, దాని పక్కనే బేరం అయ్యాక వచ్చిన రేటు. ఈ రెండూ ఎప్పుడూ ఒకటి కావు.

సిగ్నల్_లేదు
ఆ చివరి రెండు కాలమ్‌ల మధ్య తేడాకే నిజమైన వాల్యూమ్ ఉంది.

మాదాపూర్_మధ్యాహ్నం
రెండో షిఫ్ట్ గారూ, మీ కీవర్డ్ లిస్ట్ ఇదే. టూల్ మీకు ఇవ్వలేనిది మీ ఆవిడ గొంతులో వచ్చింది. ఇప్పుడు ఒక్కో ప్రశ్న వెనకున్న మనిషి ఎవరో చూడండి.

"ఎంతవుద్ది" అడిగినావిడ డబ్బు తీసుకుని బయల్దేరింది. "20 రోజుల్లో అవుద్దా" అన్నావిడ ఇంకా తొందరలో ఉంది. కానీ వీళ్ళు మీ సైట్‌కి యాడ్స్ డబ్బు ఇవ్వరు, మీ ఆవిడకి ఆర్డర్ ఇస్తారు. ఒక బ్లౌజు ఆర్డర్ మీద మిగిలేది యాడ్‌సెన్స్‌లో రావాలంటే ఎన్ని వేలమంది చదవాలో లెక్కేసుకోండి.

"ఉతికితే ఊడతాయా" అన్నది సమాచారం. చదువుతారు, పోతారు. నమ్మకం కోసం ఉండాలి, డబ్బు కోసం కాదు.

"స్టాండ్ ఎక్కడ కొన్నావు" అఫిలియేట్. అయితే అమెజాన్‌లో మీ లింక్ నొక్కాక 24 గంటల్లో కార్ట్‌లో వేసుకోవాలి, లేకపోతే కమిషన్ రాదు. చిన్న వస్తువు, చిన్న శాతం. ఉండనివ్వండి.

ఆఖరి ప్రశ్న, మెషిన్ కొనాలి అన్నది. దాని మీద ఆగండి.

సూదీదారం
నేనూ దాని దగ్గరే ఆగాను. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ అంటే లక్షల్లో వస్తువు. సింగిల్ హెడ్, 12 సూదులదో 15 సూదులదో కొనే ఇల్లాలు నెలల తరబడి వెతుకుతుంది. సూరత్ నుంచి తెప్పించాలా, హైదరాబాద్ డీలర్ దగ్గర తీసుకోవాలా, కరెంటు ఎంత కాలుతుంది, రిపేరుకి మనిషి వస్తాడా, డిజైన్ ఫైళ్ళు ఎవరిస్తారు, రోజుకి ఎన్ని బ్లౌజులు పడితే ఈఎంఐ వెళ్తుంది. మా కౌంటర్ దగ్గర నిలబడి ఇవన్నీ నన్నడుగుతారు, నేను పూసలు అమ్ముకునేదాన్ని! తెలుగులో వీటికి తిన్నగా జవాబు రాసినవాళ్ళు నాకు కనబడలేదు. ఉన్నవన్నీ అమ్మేవాళ్ళ వీడియోలు. ధర చెప్పకుండా "ఇన్‌బాక్స్ చేయండి" అంటారు.

పాత_పెంకుటిల్లు
ఇదీ మాట. ఈ కీవర్డ్‌కి టూల్‌లో అతి చిన్న అంకె ఉంటుంది. అయినా వెతికే ప్రతి మనిషీ కొనబోయే మనిషి. డీలర్ దృష్టిలో అలాంటి ఒక్క ఫోన్ కాల్‌కి ఎంత విలువో ఊహించుకోండి. యాడ్స్ కంటే డీలర్లతో నేరుగా మాట్లాడుకుని ఎంక్వయిరీకి ఇంత అని పెట్టుకోవచ్చు. లోన్ వైపు కూడా రాయడానికి గట్టి సరుకుంది. కేంద్రం ఇచ్చే ముద్ర రుణాల్లో కిశోర్ కింద 50 వేల నుంచి 5 లక్షలు, తరుణ్ కింద 10 లక్షల దాకా. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి, దర్జీ అందులో ఒకటి. పనిముట్లకి 15 వేలు, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆపైన రెండు లక్షలు.

మీసేవ_మూర్తి
ఆఖరికి పథకాల దగ్గరికే వచ్చారు 😎

పాత_పెంకుటిల్లు
వచ్చాం మూర్తి గారూ, కాకపోతే మెషిన్ పేజీలో ఒక పేరాగా. పేరు మారితే పేరా మార్చుకుంటాం, సైట్ కాదు.

రెండో_షిఫ్ట్
ఒక చిక్కుంది. కంప్యూటర్ వర్క్ మాట ఎత్తితేనే మా ఆవిడకి మండుతుంది. "మన పొట్ట కొట్టే మెషిన్‌కి మనమే ప్రచారం చెయ్యాలా" అంటోంది. ఇందాకటి నుంచి గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

సిగ్నల్_లేదు
బావమరిదికి ఫోన్ చెయ్యండి, మధ్యవర్తిత్వం.

ఫ్రిస్కో_శేషు
మీ ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. ఒక దారి చెప్తాను. కొనేవాళ్ళ వైపు నుంచి రాయండి. మా ఆవిడకీ మా చెల్లికీ ఇక్కడ అమెరికాలో పెద్ద అనుమానం ఏంటంటే, చేతి వర్క్ రేటు తీసుకుని కంప్యూటర్ వర్క్ పంపిస్తున్నారేమోనని. తేడా ఎలా గుర్తుపట్టాలో ఫోటోలతో తెలుగులో, ఇంగ్లీషులో రాస్తే ఇక్కడి గ్రూపుల్లో అందరూ పంచుకుంటారు. అమెరికా నుంచి వచ్చే విజిటర్‌కి యాడ్ రేట్లు కూడా మన దగ్గరకంటే బాగా ఎక్కువ. కొలతల ఫారం ఒకటి పెట్టండి. బ్లౌజు ఒక అంగుళం తేడా వస్తే ఇక్కడ సరిచేసేవాళ్ళు దొరకరు.

సూదీదారం
శేషు గారి పాయింట్ బాగుంది. తమ్ముడూ, మీ ఆవిడకి చెప్పు, ఫోటోలు బ్లౌజు తిరగేసి తీయాలి. పైన చూస్తే ఎవరికీ తెలీదు. కంప్యూటర్ కుట్టు అయితే వెనక సాధారణంగా బాబిన్ దారం తెల్లగా, ఒకే తీరుగా ఉంటుంది, కింద వేసిన పేపరు ముక్కలు అంచుల్లో మిగిలి ఉంటాయి. ఆరి సూదితో చేసినదాంట్లో పైన గొలుసు కుట్టు పడుతుంది, వెనక సన్నటి గీతలా దారం, అక్కడక్కడ ముడులు. జర్దోసి స్ప్రింగులా ఉంటుంది కదా, దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి పూసలా గుచ్చుతారు. వేలితో నిమిరితే ముక్కముక్కకీ తగులుతుంది. ఇది చేసేవాళ్ళకి తప్ప రాయడం రాదు.

మాదాపూర్_మధ్యాహ్నం
దీనికి ఇంకో లాభం ఉంది. భారత్‌లో 2024 ఆగస్టు నుంచి ఏఐ ఓవర్‌వ్యూలు (గూగుల్ ఏఐ తనే రాసి చూపే జవాబులు) వచ్చాయి. "ముడి కుట్టు అంటే ఏమిటి" లాంటి వాటికి జవాబు సెర్చ్ పేజీ పైనే వచ్చేస్తే మీ దగ్గరికి ఎవరూ రారు. అంతకుముందు 2023 సెప్టెంబర్ హెల్ప్‌ఫుల్ కంటెంట్ అప్‌డేట్ అనే గూగుల్ ర్యాంకింగ్ మార్పు తర్వాత ప్రపంచమంతా ఎన్నో చిన్న నిష్ సైట్ల (ఒకే అంశం మీద నడిచేవి) ట్రాఫిక్ పడిపోయింది. 2024 మార్చిలో కుప్పలుతెప్పలుగా పేజీలు పోసేవాళ్ళ మీద స్పామ్ నియమం పెట్టారు. తిరగేసిన బ్లౌజు ఫోటో, మీ ఊరి రేటు, మీ నోట్‌బుక్‌లో గంటల లెక్క, ఇవి ఇంకెక్కడా లేవు.

సిగ్నల్_లేదు
నేను కాస్త సీరియస్‌గా ఒకటి అడుగుతా. నిష్ సైట్లు చచ్చిపోయాయని అందరూ అంటుంటే ఈయన్ని ఎందుకు దించుతున్నారు? యూట్యూబ్ ఛానెల్ పెట్టుకుంటే పోలా? మగ్గం వర్క్ చూసి నేర్చుకునేది, చదివి కాదు.

పాత_పెంకుటిల్లు
నేర్చుకునేవాళ్ళకి వీడియోనే, నో డౌట్. కానీ రేటు, కొలతలు, మెషిన్ పోలిక లాంటివి వీడియోలో ఎక్కడుందో వెతుక్కోలేక చస్తారు. ఆవిడ వీడియో, ఈయన పేజీ, రెండూ ఒకదానికొకటి లింకు. యాడ్‌సెన్స్ తెలుగుకి మద్దతు ఇవ్వకముందు, అంటే 2018కి ముందు నుంచీ రాస్తున్నాను. అప్పుడూ తెలుగు సైట్లకి డబ్బు రాదనే అన్నారు. ఒక్క యాడ్స్ మీదే బతకాలనుకుంటే ఇప్పటికీ రాదు.

కోర్సుగురు_99
ఈ రహస్యాలన్నీ నా 3 రోజుల వర్క్‌షాప్‌లో ఉన్నాయి, ఫస్ట్ 50 మందికి

మోడరేటర్
పై పోస్టులో లింకు తీసేశాం. ఇంకోసారి పెడితే ఖాతా కూడా.

లెక్కలమాస్టారు
నా సూత్రాన్ని ఎవరూ పట్టించుకోలేదు, పర్లేదు. సైట్ మొదలయ్యాక మాత్రం సెర్చ్ కన్సోల్ (మీ సైట్ గూగుల్ సెర్చ్‌లో ఎలా కనిపిస్తోందో గూగులే చూపే టూల్) వదలొద్దు. ఏ మాటలకి మీ పేజీ ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటు స్థానం ఎంత, అన్నీ అక్కడ అసలు లెక్కలే. కొన్ని అరుదైన వెతుకులాటలు గోప్యత కోసం దాచేస్తారు, మిగతావి చాలు. స్థానం పది నుంచి ఇరవై మధ్య ఉండి ఎక్కువసార్లు కనిపిస్తున్న మాటలు ఏరండి. అక్కడ మీరు రాయని ప్రశ్నలే కనిపిస్తాయి. వాటికి విడిగా పేజీ రాయండి.

సిగ్నల్_లేదు
మాస్టారు, ఇది సూత్రం కంటే బాగుంది.

రెండో_షిఫ్ట్
రాత్రి కూర్చుని మా ఆవిడా నేనూ ఒక వరస అనుకున్నాం. మెషిన్ పేజీకి ఒప్పుకుంది, ఒక షరతు మీద: "మెషిన్ కొనకముందు తెలుసుకోవాల్సిన నష్టాలు" కూడా తనే చెబుతుందట. ముందుగా రాయబోయేవి:

మగ్గం వర్క్ రేటు ఎలా లెక్క కడతారు, చేతులకి ఎంత, వీపుకి ఎంత (నోట్‌బుక్ పేజీ ఫోటోతో)
చేతి వర్కా, కంప్యూటర్ వర్కా, బ్లౌజు తిరగేసి చూడటం
కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్: ధర, లోను, రోజుకి ఎన్ని బ్లౌజులు పడితే గిట్టుబాటు
అమెరికా నుంచి కొలతలు పంపే ఫారం
శ్రావణం, మాఘం పెళ్ళిళ్ళకి ఎప్పటిలోగా ఆర్డర్ ఇవ్వాలి

"బ్లౌజ్ డిజైన్స్" గ్యాలరీ వదిలేశాం. తప్పులుంటే ఇప్పుడే చెప్పండి.

మాదాపూర్_మధ్యాహ్నం
రేటు పేజీ శీర్షికలో తెలుగు లిపి పెట్టి, లోపల ఇంగ్లీషు అక్షరాల రూపం కూడా ఒకటి రెండు చోట్ల సహజంగా వచ్చేలా చూడండి. పేజీ చిరునామా మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే. తెలుగు లిపి చిరునామా వాట్సాప్‌లో పంపితే పర్సంటేజీ గుర్తులతో మూరెడు పొడవు అవుతుంది, చూసినవాళ్ళు వైరస్ అనుకుంటారు.

ఫ్రిస్కో_శేషు
కొలతల ఫారంలో అంగుళాలు, సెంటీమీటర్లు రెండూ పెట్టండి. బ్లౌజు ముక్క ఇండియాకి ఎలా పంపాలో కూడా రాయండి, అందరూ అక్కడే ఆగిపోతారు.

రెండో_షిఫ్ట్
ముక్క పంపే సంగతి మాకూ తెలీదు శేషు గారూ. ఇప్పటిదాకా వచ్చినవన్నీ ఎవరో ఒకరు ఊరికొచ్చినప్పుడు తెచ్చినవే.

ఫ్రిస్కో_శేషు
అయితే అదే రాయండి. చీర ఇండియాలోనే కొని నేరుగా మీ అడ్రస్‌కి వేయించుకునేవాళ్ళు ఎక్కువ. షాపువాళ్ళకి ఏం చెప్పాలో, బ్లౌజు ముక్క కత్తిరించి పంపమనాలా వద్దా, అంతవరకు చాలు.

సూదీదారం
మెషిన్ ధర రాసేటప్పుడు పక్కన తేదీ వేయి తమ్ముడూ. జీఎస్టీ కలిపారా లేదా, ట్రైనింగ్, ఫిట్టింగ్ అందులోనే ఉన్నాయా లేదా విడివిడిగా అడిగి రాయి. డీలర్లు ఫోన్‌లో ఒకటి చెప్పి కొటేషన్‌లో ఇంకోటి రాస్తారు, కొటేషన్ చూసే రాయి. మాఘం పేజీని కార్తీకంలోపే పెట్టేసెయ్యి, గూగుల్‌కి దొరకడానికి టైం పడుతుంది. గిట్టుబాటు లెక్కలో మూఢం నెలలు తీసేసి వెయ్యమని మీ ఆవిడకి చెప్పు, ఈఎంఐకి మూఢం ఉండదు.